సిమ్యులేషన్ ఫుట్‌బాల్ లీగ్: అవార్డులు, కొత్త నియమాలు ఎక్కడ చెడతాయి, ఎలా సరిచేయాలి

పది మంది మిత్రులు తలా ఒక జట్టును చేతిలోకి తీసుకుని, మ్యాచ్‌ల ఫలితాలను కంప్యూటర్‌తో తేల్చుకునే ఫుట్‌బాల్ లీగ్ ఎంత ఆనందమో నడిపినవారికి తెలుసు. రెండో సీజన్ ముగిసేసరికి అందులో రెండు తగాదాలు మొదలవుతాయి. ఉత్తమ ఆటగాడు ఎవరన్నది ఒకటి, ఫలానా నియమం మారిస్తే ఆట బాగుపడుతుందా అన్నది మరొకటి. రెండింటికీ వేరు ఒకటేనని నా అనుభవం. ఫలితాలు తేల్చే ప్రోగ్రామ్‌కు, అంటే ఇంజిన్‌కు మనం ఏమి నేర్పామో మరచిపోయి, అది ఇచ్చిన అంకెలో మొత్తం ఆటను చూడబోతాం.

కింది లెక్కలు 10 జట్ల లీగ్‌కు సంబంధించినవి. ప్రతి జట్టూ మిగతా జట్లతో సొంత మైదానంలో ఒకసారి, బయట ఒకసారి ఆడుతుంది కాబట్టి మొత్తం 90 మ్యాచ్‌లు. సగటున సొంత మైదానపు జట్టుకు 1.5 గోల్స్, వచ్చిన జట్టుకు 1.2 గోల్స్ అనుకుని, వాటి చుట్టూ పాయ్‌సాన్ సంభావ్యతతో (సగటును బట్టి ఒక్కో స్కోరుకు ఎంత అవకాశమో చెప్పే లెక్కతో) స్కోరు తీసే మామూలు ఇంజిన్ ఇది.

సమస్య: ఉత్తమ ఆటగాడి అవార్డు ప్రతి సీజన్‌లో స్ట్రైకర్‌కే పోతోంది

అసలైన ఫుట్‌బాల్‌లోనూ ఇది పాత జబ్బే. 1956లో స్టాన్లీ మాథ్యూస్‌తో మొదలైన, ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు చరిత్రలో గోల్‌కీపర్ ఒక్కడే: 1963లో లెవ్ యాషిన్. డిఫెండర్లుగా చెప్పుకోవడానికి బెకెన్‌బాయర్, మథియాస్ జమ్మర్, కన్నవారో ఉన్నారు.

కారణం వెతకడం కష్టం కాదు. మన పట్టికలో గోల్‌కు గడి ఉంది, అసిస్ట్‌కు (గోల్‌కు దారితీసిన పాస్‌కు) గడి ఉంది. పడకుండా ఆగిన గోల్‌కు గడి లేదు.

పరిష్కారం మాత్రం మన దగ్గరే ఉంది. అసలు ఫుట్‌బాల్‌లో ఎవరికీ దొరకని వెసులుబాటు మనకు దొరికింది: జరిగిన సీజన్‌ను మళ్లీ ఆడించవచ్చు. డిఫెన్స్ నడుమ ఆడే ఒక సెంటర్ బ్యాక్ విలువ తెలియాలంటే అతన్ని తీసేసి, అతని స్థానంలో ఆ స్థానానికి లీగ్ సగటు సామర్థ్యం ఉన్న ఆటగాణ్ని పెట్టండి. అదే సీజన్‌ను వెయ్యి సార్లు నడపండి. అసలు ఆటగాడితో ఇంకో వెయ్యి సార్లు నడపండి. రెండు సగటు పాయింట్ల మధ్య తేడాయే అతను జట్టుకు ఇచ్చినది. ప్రతి జట్టులో ముగ్గురు నలుగురికి ఈ పరీక్ష పెడితే, గోల్స్ పట్టికలో ఎక్కడా కనిపించని మిడ్‌ఫీల్డర్లు పైకి తేలవచ్చు. ఇంజిన్‌లో ఆటగాళ్ల స్థాయిలో సామర్థ్యాలు లేక, జట్టు మొత్తానికి ఒకే బలం ఉంటే ఈ పరీక్ష చెల్లదు. అప్పుడు స్థానాల వారీగా వేరువేరు అవార్డులు ఇవ్వడమే న్యాయం.

ఒక జాగ్రత్త. ఈ పరీక్ష కొలిచేది ఆటగాడి సామర్థ్యాన్ని. అవార్డు ఇవ్వాల్సింది ఆ సీజన్‌లో నిజంగా జరిగిన ఆటకు. అందుకే నేను దీన్ని తుది జాబితా తయారీకే వాడతాను. పరీక్షలో పైకి వచ్చిన ఐదుగురి పేర్లు పెట్టి, ఓటు మేనేజర్లకు వదిలేస్తాను. ఓటులో సొంత జట్టు ఆటగాడి పేరు రాయకూడదన్న షరతు తప్పనిసరి. గోల్స్ అవార్డు, ఉత్తమ ఆటగాడి అవార్డు వేరువేరు చేతులకు వెళ్తే కంగారుపడవద్దు. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచింది, 18 గోల్స్‌తో దాని స్ట్రైకర్ బార్తలోమ్యూ ఒగ్బెచే గోల్డెన్ బూట్ అందుకున్నాడు. సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ మాత్రం జంషెడ్‌పూర్‌కు చెందిన గ్రెగ్ స్టీవార్ట్‌కు వెళ్లింది. లీగ్ దశలో పట్టిక పైన నిలిచిన జట్టు జంషెడ్‌పూర్. మన హైదరాబాద్ అభిమానిగా నాకు ఆరోజు మనసు చివుక్కుమన్నా, ఆ రెండు అవార్డులు రెండు వేరు ప్రశ్నలకు జవాబులని ఒప్పుకుంటాను.

సమస్య: మూడు మ్యాచ్‌లు ఆడినవాడు సగటు రేటింగ్‌లో మొదటి స్థానంలో ఉన్నాడు

తక్కువ మ్యాచ్‌ల సగటు ఇటూ అటూ ఊగుతుంది. "కనీసం పది మ్యాచ్‌లు" అని గీత గీస్తే తొమ్మిది ఆడినవాడికి అన్యాయం. దానికి బదులు ప్రతి ఆటగాడికీ లీగ్ సగటు రేటింగ్‌తో ఐదు మ్యాచ్‌లు ఊరికే కలపండి. లీగ్ సగటు 6.8 అనుకుందాం. మూడు మ్యాచ్‌లలో 8.2 తెచ్చుకున్నవాడు 7.33 దగ్గర ఆగుతాడు. పదహారు మ్యాచ్‌లలో 7.6 నిలబెట్టుకున్నవాడు 7.41తో అతన్ని దాటుతాడు.

సమస్య: గోల్‌కీపర్ అవార్డు గట్టి డిఫెన్స్ ఉన్న జట్టుకే దక్కుతోంది

క్లీన్ షీట్లు, అంటే ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు లెక్కపెడితే జరిగేది ఇదే. క్లీన్ షీట్ పదకొండు మందిది. కీపర్ పని అతని మీదికి వచ్చిన షాట్లతో మొదలవుతుంది. లక్ష్యం మీదికి వచ్చిన షాట్లలో లీగ్ మొత్తం మీద నూటికి 30 గోల్ అవుతున్నాయనుకుందాం. ఒక కీపర్ 50 షాట్లు ఎదుర్కొని 12 గోల్స్ ఇచ్చాడు. సగటు కీపర్ అయితే 15 ఇచ్చేవాడు, అంటే ఇతను మూడు ఎక్కువ ఆపాడు. అడుగున ఉన్న జట్టు కీపర్ 110 షాట్లు ఎదుర్కొని 25 ఇచ్చాడు. సగటున 33 పడాలి, ఇతను ఎనిమిది ఎక్కువ ఆపాడు. అవార్డు ఇతనిదే, క్లీన్ షీట్లు ఎన్ని తక్కువైనా సరే.

సమస్య: రెండో డివిజన్ స్ట్రైకర్ గోల్స్ పట్టికలో అందరికంటే పైన ఉన్నాడు

ఐరోపా లీగుల్లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ షూ ఈ గోతిలో పడి లేచిందే. 1968లో యుసేబియోతో మొదలైన ఆ అవార్డు మొదట్లో ఏ దేశపు లీగైనా గోల్స్‌నే లెక్కపెట్టేది. 1990-91లో సైప్రస్ లీగ్ గోల్స్ లెక్క మీద వివాదం రేగి, ఐదేళ్లు అధికారికంగా ఎవరికీ ఇవ్వలేదు. 1996-97లో తిరిగి వచ్చినప్పుడు గోల్‌కు బరువు వచ్చింది: పెద్ద లీగుల గోల్‌కు 2 పాయింట్లు, తర్వాతి వరుస లీగులకు 1.5. మన లీగ్‌ను పెంచి రెండు డివిజన్లు చేసుకుంటే ఈ బరువును ఊహించి పెట్టనక్కరలేదు. రెండు డివిజన్ల జట్లను ఒకదానితో ఒకటి వెయ్యి మ్యాచ్‌లు ఆడించి, కింది డివిజన్ స్ట్రైకర్లు పై డివిజన్ డిఫెన్స్‌ల మీద ఎన్నో వంతు గోల్స్ కొడుతున్నారో చూడండి. బరువు అదే.

సమస్య: నియమం మార్చాం, ఆట ఏమీ మారలేదు

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే సమస్య ఇది. "గెలుపుకు 2 కాదు, 3 పాయింట్లు ఇద్దాం, జట్లు గెలవడానికి ఆడతాయి" అని ఎంతో ఆశతో మారుస్తాం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ జిమ్మీ హిల్ ప్రతిపాదనతో 1981లో ఇలాగే మార్చింది. ప్రపంచ కప్‌కు అది 1994లో వచ్చింది. మన లీగ్‌లో మార్చి చూస్తే డ్రాల సంఖ్య చెక్కు చెదరదు. పై సగటులతో సమాన బలం ఉన్న జట్ల మధ్య డ్రా అవకాశం నూటికి 25 చిల్లర. నియమానికి ముందూ అంతే, తర్వాతా అంతే.

కారణం: మన ఇంజిన్‌లోని జట్లకు పాయింట్ల పట్టిక ఉందన్న సంగతే తెలియదు. అవి 1.5, 1.2 అనే అంకెలు మాత్రమే. నియమం ఆటను మార్చేది మనుషుల నిర్ణయాల ద్వారా. మన ఇంజిన్‌లో నిర్ణయం తీసుకునేవాడు లేడు.

పరిష్కారం: నిర్ణయాన్ని ఇంజిన్‌లో పెట్టాలి. మ్యాచ్‌ను 90 నిమిషాలుగా విడదీసి, 75వ నిమిషంలో స్కోరు సమంగా ఉంటే ప్రతి జట్టుకూ ఒక ప్రశ్న వేయండి: తెగించి ముందుకు వెళ్తావా, ఉన్నదాన్ని కాపాడుకుంటావా? తెగిస్తే గెలిచే అవకాశం గ, ఓడే అవకాశం ఓ అనుకోండి. గెలుపుకు 2 పాయింట్లయితే డ్రా నుంచి గెలుపుకు వెళ్తే ఒక పాయింటు లాభం, ఓటమికి జారితే ఒకటి నష్టం. గ, ఓ కంటే పెద్దదైతేనే తెగించాలి. 3 పాయింట్లయితే లాభం రెండు, నష్టం ఒకటి. గ, ఓలో సగం దాటితే చాలు. బలహీనమైన జట్టు కూడా చివరి పావుగంటలో ముందుకు రావడానికి కారణం ఈ చిన్న లెక్కే. తెగించిన జట్టు గోల్ వేగాన్నీ, దాని మీద గోల్ పడే వేగాన్నీ రెండింటినీ పెంచండి.

రెండో వైపు మరచిపోతే సగం పనే చేసినట్టు. ఒక గోల్ ఆధిక్యంలో ఉన్న జట్టుకు సమం గోల్ పడితే పాత నియమంలో ఒక పాయింటు పోయేది, ఇప్పుడు రెండు పోతాయి. అది తలుపులు ఇంకా గట్టిగా వేసుకుంటుంది. దాన్ని కూడా రాశాక, 3 పాయింట్ల వల్ల గోల్స్ పెరుగుతాయా తగ్గుతాయా అన్నది మీరు ముందే చెప్పలేరు. సిమ్యులేషన్ నడపడంలో అసలైన ఆనందం నాకు అక్కడ మొదలవుతుంది.

సమస్య: నియమం మార్చాం, గోల్స్ పెరిగాయి, కానీ నమ్మాలా?

ఒక్క సీజన్ చూసి నమ్మవద్దు. 90 మ్యాచ్‌లకు సగటున 243 గోల్స్ రావాలి. పాయ్‌సాన్ లెక్క ప్రకారం ఏ మార్పూ లేకుండానే అది 16 అటూ ఇటూ కదలడం మామూలు. 212 నుంచి 274 దాకా ఏది వచ్చినా వింతపడాల్సిన పని లేదు. పాత నియమంతో 100 సీజన్లు, కొత్త నియమంతో 100 సీజన్లు నడిపి సగటులు పోల్చండి. అప్పుడు ఒక్కో సగటులో ఊగిసలాట రెండు గోల్స్‌కు లోపే ఉంటుంది. అయిదారు గోల్స్ తేడా వస్తే గట్టిగా పట్టించుకోవచ్చు.

సమస్య: ఒక మేనేజర్ కావాలనే గోల్ ఇచ్చాడు

అతన్ని తిట్టడానికి ముందు మీ నియమాన్ని చదవండి. 1994 జనవరిలో కరీబియన్ కప్ అర్హత మ్యాచ్‌లలో అదనపు సమయంలో పడే గోల్డెన్ గోల్‌ను (పడగానే ఆట ముగించే మొదటి గోల్‌ను) రెండు గోల్స్‌గా లెక్కించే నియమం పెట్టారు. గ్రెనడా మీద బార్బడోస్ రెండు గోల్స్ తేడాతో గెలిస్తేనే ముందుకు వెళ్తుంది. 2-0తో ఉండగా 83వ నిమిషంలో గ్రెనడా ఒకటి కొట్టింది. మిగిలిన కొద్ది సమయంలో ఇంకో గోల్ కష్టమని చూసిన బార్బడోస్, 87వ నిమిషంలో తన గోల్‌లో తానే వేసుకుని 2-2 చేసింది. అదనపు సమయంలో ఒక్క గోల్ కొడితే రెండు గోల్స్ తేడా వచ్చేస్తుంది కదా! ఆ తర్వాత గ్రెనడాకు ఏ వైపు గోల్ పడినా మేలే కాబట్టి, బార్బడోస్ ఆటగాళ్లు మైదానం రెండు చివరలా కాపలా కాశారు. చివరికి 4-2తో బార్బడోసే గెలిచింది. ఆ ఆటగాళ్లు నియమాన్ని అతిక్రమించలేదు, దాన్ని బాగా చదివారు.

పరిష్కారం ముందే చేయాలి. కొత్త నియమం అమలుకు ముందు చివరి వారం పట్టికను తీసుకుని, 80వ నిమిషంలో వచ్చే స్కోర్లన్నిటికీ ఒక లెక్క వేయండి: ఈ జట్టు తన మీద తాను ఒక గోల్ వేసుకుంటే ముందుకు వెళ్లే అవకాశం పెరుగుతుందా? ఎక్కడైనా "అవును" వస్తే నియమంలో చిల్లు ఉన్నట్టే. గోల్డెన్ గోల్ విషయంలో దాన్ని గోల్ తేడాలో ఒకటిగానే లెక్కిస్తే ఈ చిల్లు పూడుతుంది. ఒకప్పటి అమెరికా లీగ్ ఎన్ఏఎస్ఎల్ తరహాలో గెలుపుకు 6 పాయింట్లు, కొట్టిన గోల్స్‌కు మూడు దాకా బోనస్ పాయింట్లు పెట్టాలనుకునేవారు కూడా ఈ పరీక్ష దాటించాకే పెట్టాలి.

సమస్య: కొత్త నియమం వచ్చాక పాత రికార్డులన్నీ వెలవెలబోయాయి

1925లో ఆఫ్‌సైడ్ నియమం మారింది. అంతవరకు దాడి చేసే ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి, ఆ తర్వాత ఇద్దరు చాలు. న్యూకాసిల్ డిఫెండర్ బిల్ మెక్‌క్రాకెన్ వంటివారు ఆఫ్‌సైడ్ వలతో (ముందుకు జరిగి దాడి చేసేవాణ్ని ఆఫ్‌సైడ్‌లో చిక్కించడంతో) ఆటను కట్టేసిన కాలమది. ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో గోల్స్ ఒక్క ఏడాదిలో 1,192 నుంచి 1,703కు ఎగబాకాయి. 462 మ్యాచ్‌లకు లెక్కిస్తే మ్యాచ్‌కు 2.58 నుంచి 3.69. మూడో సీజన్‌లో, 1927-28లో, డిక్సీ డీన్ 60 లీగ్ గోల్స్ కొట్టాడు. అది మహా ఘనత. కానీ దాన్ని 1924లో ఆడిన స్ట్రైకర్ పక్కన అలాగే పెట్టి కొలవడం ఆ పాతవాడికి చేసే అన్యాయం.

రికార్డుల పుస్తకంలో రెండు వరుసలు పెట్టండి. ఒకదానిలో జరిగిన గోల్స్ ఉన్నవి ఉన్నట్టు. రెండోదానిలో ఆ ఆటగాడి గోల్స్‌ను ఆ సీజన్ మ్యాచ్ సగటుతో భాగించిన విలువ. ఈ లెక్కలో 2.58 సగటు ఉన్న సీజన్‌లో కొట్టిన 42 గోల్స్, 3.69 సగటు ఉన్న సీజన్‌లో కొట్టిన 60 గోల్స్‌కు దాదాపు సమానం. నియమం మారిన సీజన్ దగ్గర ఒక గీత గీసి, ఏమి మారిందో ఒక వాక్యంలో రాయండి. మార్పును సీజన్ నడుమ ఎప్పుడూ తేవద్దు. ఆట నియమాలు మార్చే ఐఎఫ్ఏబీలో ఉన్న 8 ఓట్లలో కనీసం 6 పడితేనే మార్పు నెగ్గుతుంది. మన పదిమందిలో ఎనిమిది మంది ఒప్పుకున్నాకే, అదీ వచ్చే సీజన్ మొదటి మ్యాచ్ నుంచే అమలు చేయండి.