ఇంట్లో పికప్‌కి బాడీ లిఫ్ట్ కిట్ బిగిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

మామిడి లోడింగులు అయిపోయి, ఈశాన్య రుతుపవనాల వానలు ఇంకా మొదలుకాని ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చిత్తూరు, తిరుపతి వైపు పికప్ ఓనర్లకు కాస్త తీరిక దొరుకుతుంది. పెద్ద టైర్లు వేయాలి, బండి చూసి "ఏమబ్బా, లారీ మాదిరి ఉందే" అనిపించుకోవాలి అని బాడీ లిఫ్ట్ కిట్ తెప్పించుకునే కుర్రాళ్లకూ అదే అదను.

కిట్‌లో ఉండేది ఛాసిస్‌కీ (బండి కింది ఇనుప చట్రం) బాడీకీ మధ్య పెట్టే గట్టి దిమ్మలు, వాటికి సరిపడా పొడవు బోల్టులు. మామూలుగా 1 నుంచి 3 అంగుళాలు లేస్తుంది. లేచేది క్యాబిన్, వెనక తొట్టి మాత్రమే. ఇంజను, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటాయి. కాబట్టి తోట దారిలో కింద రాళ్లు తగలడం కిట్ వల్ల తగ్గదు, పెద్ద టైర్లు వేస్తే కొంచెం తగ్గుతుందేమో అంతే. స్వర్ణముఖి పొంగి కాజ్‌వే మునిగినప్పుడు ఈ ధైర్యంతో బండి దించేవాళ్లుంటారు, అది వట్టి భ్రమ.

చట్టం సంగతి కూడా డబ్బు కట్టకముందే తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సెక్షన్ 182ఏ కింద ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అందుకే ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడగండి. పసుపు బోర్డు బండైతే ఫిట్‌నెస్‌కి పోయినప్పుడు కూడా ఇబ్బందే. నన్నడిగితే టమాటా బాక్సులు, కాయలు తోలే బండికి ఈ పని వద్దే వద్దు. ఎత్తు పెరిగే కొద్దీ బరువు పైకి పోతుంది, భాకరాపేట ఘాట్ మలుపుల్లో లోడుతో ఉన్న బండి ఒరిగే గుణం పెరుగుతుంది.

అన్నీ చూసుకుని సొంత వాడకం బండికి చేస్తామంటే, మొదట నేల చూడండి. ఎర్రమట్టి వాకిట్లో జాకీ దిగబడుతుంది. సిమెంటు నేల కావాలి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి, ఛాసిస్ కింద స్టాండులుండాలి. హాలో బ్లాకులు, ఇటుకలు పెట్టొద్దు, బరువుకు ఉన్నట్టుండి పగిలిపోతాయి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. పాత బండి అయితే బాడీని ఛాసిస్‌కు పట్టి ఉంచే మౌంట్ బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. రాలేదని గ్యాస్ కటింగ్‌కి దిగితే పక్కనే డీజిల్ పైపు, రబ్బరు మౌంట్లు, క్యాబిన్‌లో కార్పెట్ ఉంటాయి.

బోల్టులన్నీ ఒకేసారి ఊడదీయకూడదు. ఒక వైపువి తీసి, రెండో వైపువి వదులు మాత్రమే చేయాలి, నట్లు చివరి మరల మీద పట్టుకుని ఉండాలి. జాకీ మీద చెక్క దిమ్మ వేసి, మౌంట్ పక్కనున్న గట్టి భాగం కిందే పెట్టాలి. నేల రేకు కింద పెడితే రేకు సొట్టపడుతుంది. దిమ్మ దూరేంత సందు వచ్చాక ఆపేయండి. ఆ సందులో వేలు పెట్టొద్దు. దిమ్మను కర్రతో తోసి, బోల్టు రంధ్రానికి సరిచేయండి. ఇద్దరు పని చేస్తుంటే జాకీ కొట్టేవాడు "చెయ్యి తియ్యన్నా" అని నోటితో అడిగి, జవాబు విన్నాకే దించాలి. కిట్‌లో ఒక దిమ్మ తక్కువైందని కట్టె ముక్కలు, పాత రబ్బరు పెట్టొద్దు.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పడాల్సింది స్టీరింగ్ షాఫ్ట్ దగ్గర. చాలా పికప్‌లలో దాని పై కొస క్యాబిన్‌కు, కింది కొస ఛాసిస్ మీది స్టీరింగ్ బాక్సుకు ఉంటుంది. బాడీ లేస్తే షాఫ్ట్ సాగాలి, అంటే ఒకదాంట్లో ఒకటి దూరిన పళ్ల పట్టు తగ్గిపోతుంది. ఎత్తకముందే కీలు దగ్గర పెయింటుతో గీత గీయండి. ఎత్తాక ఎంత బయటికొచ్చిందో కొలిచి, కిట్ వాళ్లు చెప్పిన హద్దు దాటితే వాళ్లిచ్చే ఎక్స్‌టెన్షనే వాడాలి. షాఫ్ట్‌ను కోసి వెల్డింగ్ చేయించడం మాత్రం ప్రాణాలతో ఆట. చక్రాలు నేరుగా పెట్టి, స్టీరింగ్ వీల్ తిరక్కుండా సీటు బెల్టుతో కట్టేయండి, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో వీల్ ఊరికే తిరిగితే లోపలి వైరు తెగుతుంది.

ఇక బాడీ లేచాక లాగినట్టు బిగుసుకునేవి వెతకండి: బ్రేకు, క్లచ్ గొట్టాలు, ఎర్తు వైరు, డీజిల్ పోసే గొట్టం, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, రేడియేటర్ హోసులు. రేడియేటర్ బాడీకి ఉన్న బండిలో అది లేస్తుంది, ఇంజనుకున్న ఫ్యాన్ లేవదు. దాని రెక్కలు రేడియేటర్‌కున్న ఫ్యాన్ కవరు కింది అంచుకు కొట్టుకుంటాయి. స్టార్ట్ చేయకముందే ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చుట్టూ వేలు పట్టేంత సందుందా చూడండి. తర్వాత ఇంజను ఆఫ్‌లో ఉండగానే అన్ని గేర్లూ వేసి చూడండి. గేర్ రాడ్ నేల రంధ్రం అంచుకు తగిలితే గేరు సరిగా పడదు, దారిలో జారిపోతుంది.

మొదటిసారి బండి తీసినప్పుడు ఘాట్ ఎక్కొద్దు, తిరుమలా వద్దు, మొగిలీ వద్దు. ఖాళీ చదును రోడ్డులో నెమ్మదిగా తోలి బ్రేకు, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మౌంట్ బోల్టులన్నీ టార్క్ రెంచితో (బిగింపు ఎంతో కొలిచే స్పానర్) మళ్లీ బిగించాలి, కొత్త దిమ్మలు కుదురుకునేటప్పుడు వదులవుతాయి. హెడ్‌లైట్లు కూడా బాడీతో పాటే లేచి ఉంటాయి. సాయంత్రం గోడకు ఎదురుగా బండి నిలిపి, వెలుగు కిందికి దిగేలా వాటి స్క్రూలు తిప్పుకోండి, లేదంటే ఎదురొచ్చే మోటార్‌సైకిల్ వాడికి రోడ్డు కనబడదు.