ల్యాప్‌టాప్‌లు కొనాలా, అద్దెకు తేవాలా? చిన్న ఆఫీసు లెక్క

మారతహళ్లిలో మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. ఏడాది పొడుగునా ఉండేది ఎనిమిది మందిమి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రిటర్నుల సీజన్‌లో ఇంకో నలుగురు వచ్చి చేరతారు. ఆ నలుగురి కోసమే నాకు మొదట ఈ ప్రశ్న వచ్చింది. అందరూ చేసినట్టే నేనూ నెల అద్దె ఎంత, కొంటే ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన రాసుకుని కూర్చున్నాను, ఎటూ తేలలేదు, ఎందుకంటే అక్కడ ఉండాల్సిన మూడో అంకె లేదు: వచ్చే మూడేళ్లలో ఆ ల్యాప్‌టాప్ నా దగ్గర నిజంగా ఎన్ని నెలలు పని చేస్తుంది అన్నది.

ముందు ఒక మాట. బెంగళూరులో ఇల్లు లీజుకి అంటే ఒకేసారి పెద్ద మొత్తం కట్టి, నెల అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం వెనక్కి తీసుకోవడం. ల్యాప్‌టాప్ లీజు అలా కాదు, నెలనెలా కట్టేదే, అదీ రెండు రకాలు. ఒకటి మామూలు అద్దె, గడువు అయ్యాక సామాను వాళ్లకి ఇచ్చేస్తాం. రెండోది, చివర్లో కొంచెం కట్టి మనమే ఉంచేసుకునేది, అది పేరుకే లీజు, అసలుకి అప్పు. అలాంటిది చూపిస్తే కట్టే వాయిదాలన్నీ కూడి, దానికి చివర్లో కట్టేది కలిపి, అందులోంచి షాపు ధర తీసేయండి, మిగిలింది వడ్డీ. అది బ్యాంకు వడ్డీ కంటే ఎక్కువుంటే ఇక మాట్లాడేదేం లేదు.

ఇక లెక్క. నా అంకెలు చెప్తాను, మీరు మీ కొటేషన్లు పెట్టి చేసుకోండి. జీఎస్టీ కాకుండా ల్యాప్‌టాప్ 55,000, వారంటీని మూడేళ్లకి పొడిగించడానికి 6,000, మూడేళ్లయ్యాక అమ్మితే 12,000 వస్తుందనుకుందాం. అంటే చేతి నుంచి పోయేది 49,000. అద్దె నెలకి 2,000. 49,000ని 2,000తో భాగిస్తే ఇరవై నాలుగున్నర. ఆ సీటు 36 నెలల్లో కనీసం 25 నెలలు నిండి ఉంటుందని మీకు గట్టి నమ్మకం ఉంటే కొనండి, లేకపోతే అద్దె.

ఒక కాగితం తీసుకుని మనుషుల పేర్లు కాకుండా సీట్లు రాయండి. మనిషి మారినా ఆ సీటు ఉంటుందా, ఉండదా? మా ఎనిమిది సీట్లూ 36 నెలలూ ఉంటాయి, అందుకే కొన్నాం. సీజన్ సీట్లు ఏడాదికి నాలుగు నెలలే, అంటే మూడేళ్లలో 12. నాలుగు నెలలకే అంటే అద్దెకిచ్చేవాళ్లు రేటు పెంచుతారు, 2,500 వేసుకున్నా నాలుగింటికి మూడు సీజన్లకి కలిపి 1,20,000. అవే కొంటే 1,96,000, పైగా ఏడాదికి ఎనిమిది నెలలు బీరువాలో పడి ఉంటాయి, వాడని బ్యాటరీ కూడా పాడవుతుంది. ప్రాజెక్టు ఇంకా చేతికి రాకముందే మనుషుల్ని తీసుకునే ఆఫీసులకి ఈ తేడా ఇంకా ఎక్కువ. అన్నీ కొనాలనో, అన్నీ అద్దెకే అనో పట్టుబట్టకండి, రెండూ కలిపి పెట్టుకోవచ్చు.

అప్పు చేసి కొంటుంటే లెక్క మారుతుంది. 14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ అయితే 55,000 మీద వడ్డీయే 12,700 దాకా అవుతుంది, అప్పుడు 25 నెలలు కాస్తా 31 నెలలవుతాయి. చేతిలో డబ్బున్నా సరే, జీతాలకి మూడు నెలలకి సరిపడా పక్కన పెట్టాక మిగిలిన దాంతోనే కొనాలని నా పట్టుదల. క్లయింట్ పేమెంట్ నెల ఆలస్యమైతే ల్యాప్‌టాప్ అమ్మి జీతాలివ్వలేం కదా.

పన్నుల సంగతి త్వరగా చెప్తాను. ల్యాప్‌టాప్ మీదా, దాని అద్దె మీదా జీఎస్టీ 18 శాతమే. మామూలు రిజిస్ట్రేషన్ ఉంటే రెండింటికీ ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే ఇక్కడ కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. కొంటే 9,900 ఒకేసారి ముందు కట్టి తర్వాత సర్దుకోవాలి, అద్దెకైతే నెలకి 360. కాంపొజిషన్‌లో (టర్నోవర్ మీద ఇంత శాతం అని జీఎస్టీ కట్టేసే చిన్న వ్యాపారుల స్కీములో) ఉన్నవాళ్లకి, జీఎస్టీ పడని సేవలు మాత్రమే చేసేవాళ్లకి ఆ క్రెడిట్ రాదు, కాబట్టి పై లెక్కంతా జీఎస్టీ కలిపి చేసుకోవాలి. ఇన్‌కమ్ టాక్స్‌లో అద్దె మొత్తం ఆ ఏడాది ఖర్చే, కొన్నదానికి ఏటా మిగిలిన విలువ మీద 40 శాతం తరుగుదల, కాకపోతే కొన్న ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడాదికి 20 శాతమే. అందుకే అక్టోబర్ మొదటి రోజుల్లోపు కొని వాడకంలో పెడితే మంచిది. టర్నోవర్ మీద ఇంత శాతం లాభం అని చూపించే పద్ధతిలో రిటర్న్ వేసేవాళ్లకి అద్దె అయినా, తరుగుదల అయినా విడిగా తగ్గించుకునే వీల్లేదు, వాళ్లు పన్ను కోసం ఇటా అటా అని ఆలోచించక్కర్లేదు. అద్దె ఒకే పార్టీకి నెలకి 50,000 దాటితే 2 శాతం టీడీఎస్ (అద్దెలోంచి మనమే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) సంగతి మీ ఆడిటర్ని అడిగి పెట్టుకోండి.

నేను దెబ్బ తిన్నది అగ్రిమెంట్ దగ్గర. మొదటి సీజన్ అయ్యాక సామాను తీసుకెళ్లడానికి ఒక కుర్రాడు బైక్ మీద వచ్చాడు. ఒక్కో ల్యాప్‌టాప్ మూత సగం తెరిచి, ఫోన్ టార్చ్ వేసి, హింజ్ (మూత మడతపడే చోటు) పక్కన వేలితో నిమిరి చూశాడు. మూడోదాని దగ్గర ఆగాడు. వెంట్రుక మందం పగులు. చెక్‌లిస్ట్‌లో ఫిజికల్ డ్యామేజ్ అని రాసుకున్నాడు. అది వచ్చేటప్పటికే ఉందని మా ఆఫీసు అమ్మాయి చెప్పింది, ఉండే ఉంటుంది, కానీ మా దగ్గర ఒక్క ఫొటో లేదు. డిపాజిట్‌లో 7,000 పోయాయి. ఇంటి అడ్వాన్స్‌లో పెయింటింగ్ అని కోసుకోవడం ఈ ఊళ్లో అందరికీ తెలిసిందే, సామానుకీ అదే వర్తిస్తుందని నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు పెట్టె తెరిచే ముందే వీడియో మొదలుపెడతాం, సీరియల్ నంబర్, నాలుగు మూలలు, హింజ్‌లు, కీబోర్డు, చార్జర్ అన్నీ చూపించి, అదే రోజు వాళ్లకి మెయిల్ చేస్తాం.

సంతకం పెట్టే ముందు అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. లాక్-ఇన్ (మధ్యలో మానుకునే వీల్లేని కాలం) ఎన్ని నెలలు, మధ్యలో ఒకటి వెనక్కి ఇస్తే మిగిలిన అద్దె మొత్తం కట్టాలా? పాడైతే ఎన్ని గంటల్లో వేరేది తెచ్చిస్తారు, కాగితం మీద రాసిస్తారా? టీ ఒలికితే ఎవరి ఖర్చు? మామూలు అరుగుదలకి, డ్యామేజ్‌కి తేడా ఏమిటని రాశారు? గడువు అయ్యాక మనం చెప్పకపోతే దానంతటదే ఇంకో ఏడాదికి పొడిగిస్తారా? చివరిది చాలామంది చూడరు, మీరు చూడండి.

మూడో దారి ఎస్పీ రోడ్డు, అంటే బెంగళూరులో కంప్యూటర్ సామాన్ల బజారు. పాతవి బాగుచేసి అమ్మేవి సగం ధరకే దొరుకుతాయి, టైపింగ్, ట్యాలీ పనికి అవి చాలు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో జనరేషన్ లేదా ఆపైది కావాలి, అంతకంటే పాతది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. షాపులోనే కూర్చుని బ్యాటరీ రిపోర్ట్ తీయించండి, డిజైన్ కెపాసిటీ (కొత్తప్పుడు పట్టే చార్జ్), ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) అని రెండు అంకెలు కనిపిస్తాయి, రెండోది మొదటిదాంట్లో మూడింట రెండొంతులు కూడా లేకపోతే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. జీఎస్టీ బిల్లు లేకుండా ఎంత తగ్గిస్తానన్నా తీసుకోకండి, క్రెడిట్ పోతుంది, రేపు ఏదైనా తేడా వస్తే అడగడానికీ ఏమీ ఉండదు.

అద్దెవి వెనక్కి ఇచ్చే రోజు ఫైళ్లు డిలీట్ చేస్తే చాలదు. క్లయింట్ల పాన్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అందులోనే ఉంటాయి. మొదటి రోజే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (తాళం లేనివాళ్లు చదవలేకుండా డేటాని మార్చి పెట్టేది) పెట్టి, దాన్ని తెరిచే రికవరీ కీ మీ దగ్గరే ఉంచుకోండి, చివరి రోజు ముందు బ్యాకప్ సరిగ్గా తెరుచుకుంటుందో లేదో చూసుకుని, విండోస్ రీసెట్‌లో డ్రైవ్ పూర్తిగా క్లీన్ చేసే ఆప్షన్ ఎంచుకోండి. దానికి గంటలు పడుతుంది, బైక్ కుర్రాడు వచ్చాక మొదలుపెడితే కుదరదు, ముందు రోజు సాయంత్రమే పెట్టి ఇంటికి వెళ్లండి.