బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోత పెడుతోందా? ముందు చెవి పెట్టండి, తర్వాత నూనె వేయండి

తెల్లవారుజామున ఇంట్లో ఒకరు స్నానానికి వెళ్తే మిగతావాళ్లందరికీ మెలకువ వచ్చేస్తోందంటే తప్పు గీజర్‌ది కాదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ది. అది గోల మొదలుపెట్టగానే మనం చేసేది ఒకటే: ఇంట్లో ఉన్న నూనె ఏదో తెచ్చి రెండు చుక్కలు వేయడం. నేనూ ఒకసారి కొబ్బరినూనె వేశాను. వారం రోజులు హాయిగా తిరిగింది. తర్వాత ఆ నూనె, దుమ్ము కలిసి జిగురులా పట్టేసి ఫ్యాన్ తిరగడమే మానేసింది. అందుకే విప్పే ముందు వినాలి.

స్విచ్ వేసి ఒక నిమిషం తిరగనివ్వండి. ఇప్పుడు ఆపేయండి. రెక్కలు పూర్తిగా ఆగడానికి కొన్ని సెకన్లు పడుతుంది కదా, అసలు పరీక్ష అక్కడే ఉంది. స్విచ్ ఆపీ ఆపగానే మోత కూడా ఠక్కున ఆగిపోతే అది కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే శబ్దం. రెక్కలతో పాటే మెల్లమెల్లగా తగ్గితే తిరిగే భాగాల్లోనో, బిగింపులోనో తేడా ఉన్నట్టు.

టకటకమని కొట్టుకుంటుంటే మోటారు జోలికి వెళ్లకండి. చాలా ఇళ్లలో గాలి తోయగానే తెరుచుకునే ప్లాస్టిక్ రేకులు ఫ్యాన్ వెనక ఉంటాయి. గాలి చాలకపోతే అవి పూర్తిగా లేవవు, సగంలోనే ఆడుతూ కొట్టుకుంటాయి. తలుపు కాస్త తెరిచి చూడండి. చప్పుడు తగ్గిందంటే బాత్రూమ్‌లోకి గాలి వచ్చే దారి లేదన్నమాట. తలుపు కింద చిన్న సందు ఉంచితే చాలు. తగ్గకపోతే కరెంటు ఆపి, రేకుల్లో పావురాలు తెచ్చిపెట్టిన పుల్లలేమైనా ఇరుక్కున్నాయేమో చూడండి. ఫ్రేము మరలు కూడా బిగించండి. వెంటిలేటర్ అద్దానికి బిగించిన ఫ్యాన్ అయితే ఫ్రేముకీ అద్దానికీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెడితే అదురు బాగా తగ్గుతుంది. మరీ గట్టిగా బిగిస్తే అద్దం పగులుతుంది, జాగ్రత్త.

ఊగుతున్నట్టు దడదడమని వస్తే అది రెక్కల మీది మట్టి. ఇక్కడినుంచి ఫ్యాన్ విప్పాలి కాబట్టి గోడ స్విచ్ ఆపితే సరిపోదు, మెయిన్ బోర్డులోని ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) కూడా దించండి. టెస్టర్‌తో ఒకసారి చూసుకుని, తడి లేని నేల మీద స్టూల్ వేసుకోండి. రెక్కల అంచును వేలితో తడితే ఆవిరికి తడిసి అట్టకట్టిన దుమ్ము దుప్పటి ముక్కలా ఊడొస్తుంది. ఒక రెక్క మీద ఎక్కువ, ఇంకోదాని మీద తక్కువ పేరుకుంటే బరువు తప్పి ఫ్యాన్ ఊగుతుంది. మధ్యలో ఉండే నట్టుకు చాలా ఫ్యాన్లలో మర తిరగేసి ఉంటుంది, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. రాకపోతే బలప్రయోగం వద్దు, రెండోవైపు తిప్పి చూడండి. రెక్కలను సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. మోటారును మాత్రం పొడిగుడ్డతో తుడవడమే. విరిగిన రెక్కకు ఎంసీల్ పూయడం లాంటి వైద్యాలు వద్దు, బరువు మళ్లీ తప్పుతుంది.

రెక్కలు తీసినప్పుడే షాఫ్ట్‌ను, అంటే రెక్కలు తగిలించే మోటారు కడ్డీని, వేళ్లతో తిప్పండి. కీచుమంటూ బరువుగా తిరిగితే నూనె ఆరిపోయింది. కుట్టు మిషన్ నూనె రెండు మూడు చుక్కలు షాఫ్ట్ లోపలికి వెళ్లే చోట వేసి, చేత్తో కాసేపు తిప్పి, కారినది తుడిచేయండి. తుప్పు వదిలించే స్ప్రే కొడితే ఆ పూటకి నోరు మూస్తుంది గానీ త్వరగా ఆరిపోతుంది. ఇక షాఫ్ట్‌ను పక్కకు కదిపినప్పుడు లొడలొడలాడితే బుష్ (షాఫ్ట్‌ను పట్టి ఉంచే లోహపు గొట్టం) అరిగిపోయింది, నూనె దండగ. ఉండేది బాల్ బేరింగ్ అయి గరగరమంటుంటే దాన్ని మార్చాల్సిందే. ఇవి రెండూ మోటార్ వైండింగ్ షాపువాళ్ల పని.

స్విచ్‌తో పాటే ఆగిపోయే గుయ్‌మనే శబ్దానికి చాలాసార్లు కారణం రెగ్యులేటరే. రెగ్యులేటర్ ఉంటే ఫుల్ స్పీడులో పెట్టి చూడండి. గుయ్‌మంటూ అసలు తిరగకపోతే వెంటనే ఆపేయండి, లేకపోతే వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్టలు) కాలిపోతుంది. షాఫ్ట్ చేతికి తేలిగ్గా తిరుగుతూ కూడా మోటారు లేవకపోతే, తిరగడం మొదలుపెట్టడానికి దానికి సాయపడే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. కరెంటు ఆపాక కూడా అందులో చార్జ్ ఉంటుంది, కొసలు ముట్టుకోవద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పాత కెపాసిటర్ మీద ఎన్ని ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్, అంటే దాని సామర్థ్యం) అని రాసి ఉందో కొత్తదీ అంతే ఉండాలి.

అరిగిపోయిన చిన్న ప్లాస్టిక్ ఫ్యాన్‌కు మాత్రం నేను రిపేరు చేయించను, కొత్తదే కొంటాను. డబ్బా మీద 150 మి.మీ. అని ఉండేది రెక్కలు తిరిగే వలయం అడ్డకొలత (వ్యాసం), గోడకు కావలసిన కన్నం అంతకంటే పెద్దది. అందుకే షాపుకు వెళ్లేముందు టేపు పెట్టి కన్నాన్ని కొలవండి, వీలైతే పాత ఫ్రేమునే సంచిలో వేసుకెళ్లండి.