గ్రాండ్ కాన్యన్‌లోకి కెమెరాతో దిగే ముందు జాగ్రత్తలు

అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ లోయ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) నుంచి సౌత్ కైబాబ్ బాటలో సీడర్ రిడ్జ్ వరకు, అంటే ఒకవైపు 1.5 మైళ్లు, దిగి ఫొటోలు తీసుకుని రావాలనుకునేవారు ముందుగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది: ఇక్కడ సులువైన దిగుడు మొదట, కష్టమైన ఎక్కుడు చివర వస్తాయి. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి ఉంచుకోవాలి.

బాట మొదలయ్యే చోటికి సొంత కారును అనుమతించరు; పార్కు ఉచిత బస్సు వేళలు చూసుకోవాలి.

దారిలో తాగునీరు దొరకదు కనుక నీళ్లన్నీ పైనుంచే మోసుకెళ్లాలి, వాటితోపాటు ఉప్పగా ఉండే తినుబండారాలు కూడా (జంతికలైనా చాలు). వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు లోయలో నడవకూడదు. నడినెత్తి ఎండలో రాళ్ల రంగులు ఎలాగూ వెలిసిపోయినట్టే పడతాయి కాబట్టి ఫొటోగ్రాఫర్‌కు పెద్ద నష్టమేమీ లేదు.

వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకూడదు. ముందు కెమెరా దించి, నేల చూసుకుని, తరువాతే కదలాలి. కంచర గాడిదల వరుస ఎదురైతే ట్రైపాడ్ మడిచి, అంచువైపు కాక కొండవైపు ఒదిగి, వాటిని నడిపేవారు చెప్పినట్టు నిలబడాలి. అవి లేపే ఎర్రదుమ్ము సెన్సర్‌పై పడుతుంది కనుక బాటపై లెన్స్ మార్చకపోవడమే మంచిది.

డ్రోన్ నిషిద్ధం. ఎల్క్‌లకు (పెద్ద జాతి జింకలకు) 100 అడుగుల దూరం పాటించాలి. ఉడుతలు ముద్దొస్తాయి గాని కరుస్తాయి, తిండి పెట్టరాదు. జూలై నుంచి సెప్టెంబరు వరకు మధ్యాహ్నాలు పిడుగులు పడుతుంటాయి కాబట్టి ఉరుము వినగానే అంచు వదిలి వెళ్లాలి.