మెడాబాట్స్ ఆటలో నాయకుని తలను కాపాడుకోవడం ఎలా

మెడాబాట్స్ జపానులో 1997లో గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టుకొని ఆడే యంత్రానికి ఆటగా పుట్టి, 1999లో టీవీకెక్కి 52 భాగాల యానిమేషన్ ధారావాహికగా నడిచింది. గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం తయారైన దాని రోల్ ప్లేయింగ్ ఆటను అమెరికాలో నాట్సుమే సంస్థ 2003లో అందులోని రెండు రోబోల పేర్లతో మెటబీ, రోకుషో అనే రెండు రూపాల్లో విడుదల చేసింది. ఇక్కీ అనే కుర్రవాడిగా ఊరంతా తిరుగుతూ, ఎదురైన వారి రోబోలతో మన రోబోలను పోరాడించడమే ఇందులో మన పని. ఆట మొదలుపెట్టినవారు తరచుగా ఒకే చోట పొరబడతారు. బాగా నచ్చిన రోబోనే నాయకునిగా నిలిపి, ఉన్న మంచి ఆయుధాలన్నీ దానికే తొడుగుతారు. నాయకుని తల విరిగిన క్షణాన, మిగిలిన రెండు రోబోలూ చెక్కుచెదరకుండా ఉన్నప్పటికీ జట్టంతా ఓడినట్లే లెక్క.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత, ఉద్దానంలోని మా పిన్ని ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు. రెండు పెన్సిల్ సెల్లతో నడిచే పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఒక్కటే మా తమ్ముడికి కాలక్షేపం. దాని తెరకు సొంత వెలుగు ఉండదు కనుక, కూలిన కొబ్బరిచెట్లకు ఎదురుగా వరండా మెట్ల మీద కూర్చొని, ఎండ పడే వైపు తెరను వంచి పట్టుకొని ఆడేవాడు. ఒకే ప్రత్యర్థి చేతిలో వరుసగా నాలుగుసార్లు ఓడిపోయాడు. నాలుగుసార్లూ అతని నాయకుడు మెటబీయే, నాలుగుసార్లూ విరిగింది దాని తలే.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే పోరు నడిచే తీరు తెలియాలి. ఆజ్ఞ ఇచ్చిన తరువాత రోబో మైదానం అంచున ఉన్న తన గీత నుంచి నడుమకు నడిచి వెళ్ళి, అక్కడ దెబ్బ వేసి, తిరిగి తన గీతకు చేరిన తరువాతనే మరొక ఆజ్ఞను అందుకుంటుంది. విజయనగరం సాము గరిడీలు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కర్ర విసిరిన చేయి తిరిగి కాపుకు వచ్చేలోపే మనిషికి అపాయం. బరువైన ఆయుధానికి ఈ రాకపోకలు ఎక్కువసేపు పడతాయి. చేత్తో కొట్టే రోబోల దెబ్బ నడిమి గీతకు దగ్గరగా ఉన్న శత్రువు మీద పడుతుంది కనుక, నాయకుణ్ణి పదేపదే ముందుకు పంపడమంటే దాని తలను మనమే ఎదుటివాడికి అప్పగించడం.

అందుచేత నాయకునిగా తల కవచం దృఢంగా ఉన్న రోబోను ఎంచుకొని, దానికి తొందరగా ముగిసే పనులే అప్పగించాలి. మెటబీకి కుడిచేతిలో రివాల్వరు, ఎడమచేతిలో సబ్‌మెషిన్ గన్, తలలో క్షిపణులు ఉంటాయి. అటువంటి రోబో నాయకునికంటే దాడిచేసే సహచరునిగానే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. తల భాగాన్ని ఒక పోరులో కొన్నిసార్లే వాడగలము కాబట్టి, ఆ క్షిపణులను ఆరంభంలోనే ఖర్చుపెట్టకుండా, శత్రు నాయకుని చేతులు విరిగే వరకు దాచుకోవడం మేలు. చేయి విరిగితే ఆ చేతి పని ఆగిపోతుంది. ఆజ్ఞ అందుకొని దారిలో ఉన్న రోబో సైతం ఏమీ చేయకుండానే వెనుదిరగవలసి వస్తుంది. శత్రువు ఆయుధాన్ని మొదట విరగ్గొట్టడం అతనిని కూల్చడంతో దాదాపు సమానమని నేను గట్టిగా నమ్ముతాను.

భాగాలు అమర్చేటప్పుడు మెడల్‌నూ టిన్‌పెట్‌నూ మరువరాదు. రోబోకు అస్థిపంజరం వంటిది టిన్‌పెట్. అందులో ఆడ, మగ రకాలున్నాయి, ఒకదాని భాగాలు మరొకదానికి పట్టవు. ప్రాణం వంటిది మెడల్; ఏ పని ఎక్కువగా చేయిస్తే ఆ పనిలోనే అది రాటుదేలుతుంది. మెటబీలోని కబుటో మెడల్‌కు కాల్పులు నప్పుతాయి, రోకుషోలోని కువగాటా మెడల్‌కు చేతి పోరు నప్పుతుంది. కొత్త ఆయుధం దొరికిన ప్రతిసారీ పని మార్చుతూ పోతే ఏ మెడల్ కూడా ఎదగదు. కాళ్ళను నేలను బట్టి మార్చుకోవాలి. చక్రాల కాళ్ళు, నీటి కాళ్ళు, ఎగిరే కాళ్ళు అన్ని నేలల మీదా ఒకేలా పనిచేయవు. పెద్ద పోరుకు ముందు ఆటను సేవ్ చేసుకోవాలని వేరుగా చెప్పనక్కరలేదు.

అయిదోసారి మా తమ్ముడు మెటబీని పక్కకు జరిపి, అంతవరకు చిన్నచూపు చూసిన దళసరి తల రోబోను నాయకునిగా నిలిపాడు. ఆ పోరులో మెటబీ కుడిచేయి విరిగింది, మూడో రోబో పూర్తిగా కూలింది, నాయకుని తల మాత్రం నిలిచింది. గెలిచినవారికి ఓడినవారి రోబో భాగం ఒకటి దక్కుతుంది. అతనికి దక్కిన చేతిని వెంటనే తొడగబోయి, ఆగి, అది ఏ టిన్‌పెట్‌కు సరిపోతుందో చూడడానికి తెరను మళ్ళీ ఎండ వైపు తిప్పాడు.