మంచు పట్టిన తెల్లవారుజామున ఎఫ్ఎం తిప్పి చూడండి

సంక్రాంతి రోజుల్లో గాలి కదలక, పొగమంచు పట్టిన తెల్లవారుజామున ఒకసారి ఎఫ్ఎం రేడియో తిప్పండి. మామూలుగా గరగర తప్ప ఏమీ రాని చోట దూరపు ఊరి స్టేషన్ పలకొచ్చు. ఒంగోలు వైపు వాళ్లు 101.4 మీద ఆగి వినండి, అది ఆకాశవాణి వాళ్ల చెన్నై రెయిన్‌బో స్టేషన్.

నేల దగ్గర చల్లగాలి, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటే, పైకి పోవాల్సిన తరంగాలు వంగి మళ్లీ కిందికొస్తాయి. సముద్రం పక్క ఊళ్లకి ఈ అదృష్టం ఎక్కువ. ఎండెక్కిందా, ఇక అంతే సంగతులు.

డాబా ఎక్కండి. ఏరియల్ ముప్పావు మీటరు దాకా లాగండి, 100 మెగాహెర్ట్జ్ దగ్గర అదే సరైన కొలత. ఫోన్‌లో వినేవాళ్లకి ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్, దాన్ని చుట్టచుట్టి జేబులో పెట్టకండి. పక్కన ఛార్జర్, ఎల్ఈడీ బల్బు ఉంటే ఆపేయండి, చాలాసార్లు ఆ గరగర వాటిదే. ఆటో స్కాన్‌ని మాత్రం నమ్మొద్దు. సన్నగా వచ్చే స్టేషన్లను అది దాటేస్తుంది, చేత్తో ఒక్కో పాయింటూ జరపాల్సిందే. తమిళం వినపడగానే చెన్నై అని సంబరపడకండి, పుదుచ్చేరి కూడా కావచ్చు. స్టేషన్ పేరు చెప్పేదాకా ఆగండి.