చెంచాడు పసుపు, చిటికెడు సున్నం

పర్లాకిమిడిలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరయ్యాను. సీసాలు కడగడం, యాసిడ్లు పలచన చెయ్యడం నా పని. పాఠం చెప్పేది సార్లు, చెయ్యి కాల్చుకునేది నేను. పసుపు సంగతి మాత్రం ల్యాబులో కాదు, మా పెరట్లో చాకిరేవు బండ మీద తెలిసింది. ఓ పెళ్లి భోజనంలో నా తెల్లచొక్కా మీద పులుసు ఒలికింది. మా ఆవిడ సబ్బు రాసిందో లేదో మరక ఎర్రగా మారిపోయింది. "ఏటండీ, ఇది పులుసేనా, నెత్తురా?" అని కంగారుపడింది. నిమ్మచెక్క రుద్దితే మళ్లీ పచ్చన. రెండ్రోజులు ఎండలో ఆరేస్తే మరక జాడే లేదు. పసుపుకి ఆ రంగునిచ్చే పదార్థం పేరు కర్కుమిన్. దాని గుణాల్లో సగం ఆ చొక్కాయే చూపించేసింది. మిగతా సగం మీ వంటింట్లో మీరే చూసుకోవచ్చు.

ముందు సరుకు చూసుకోండి. పొడి కాదు, కొమ్ములు కొనండి. మాకు సంతలో కొండ మీది సవర గిరిజనులు తెచ్చినవి దొరుకుతాయి. ఫుల్బని వైపు నుంచి వచ్చే కంధమాళ్ పసుపూ మంచిదే, దానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరీ నిగనిగలాడే కొమ్మును నేను నమ్మను. గాజుగ్లాసు నీళ్లలో ఒక కొమ్ము వేసి కదపకుండా ఉంచండి. చారలు చారలుగా రంగు దిగిపోతుంటే పైన ఏదో పూశారన్నమాట. అది లెడ్ క్రోమేట్ అనే సీసం కలిసిన పచ్చరంగు కావచ్చు. అందులోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది కాబట్టి ఖరీదు చూడకుండా పారేయండి.

పొడే ఉంటే ఒక చెంచాడు తీసి గ్లాసు నీళ్లలో వేసి వదిలేయండి. మంచిదైతే అడుక్కి దిగి, పైన నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. నీళ్లు చిక్కగా పచ్చబడితే రంగు కలిసిందని అనుమానించాలి. కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు మరి. అదే పొడి మీద కాస్త స్పిరిట్ పోయండి, చూస్తుండగానే బంగారు రంగు దిగుతుంది. (పొయ్యికి దూరంగా చెయ్యండి, నోట్లో పెట్టకండి.) కర్కుమిన్ అణువులో 21 కార్బన్లు, 20 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు. రెండు చివర్లా రెండు వలయాలు, మధ్యలో జంటబంధాల గొలుసు. వెలుగులోని నీలాన్ని అది మింగేస్తే, మిగిలింది మన కంటికి పచ్చగా కనబడుతుంది. 1815లో వోగెల్, పెల్లెటియర్ అనే రసాయన శాస్త్రజ్ఞులు దీన్ని పసుపు నుంచి వేరుచేశారు. నిర్మాణం తేలేసరికి 1910 వచ్చింది.

ఆ స్పిరిట్ రంగులో తెల్లకాగితం ముక్కలు ముంచి నీడన ఆరబెట్టండి. ఒక ముక్క మీద తమలపాకు సున్నం నీళ్లు చుక్క వేస్తే ఎర్రబడుతుంది. పెళ్లికూతురి పాదాల పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవే. దాని మీద నిమ్మరసం పిండితే పచ్చదనం తిరిగొస్తుంది. అయితే సున్నం, సోడా లాంటి క్షారాల్లో కర్కుమిన్ ఎంతోసేపు నిలవదు, విరిగిపోతుంది. అందుకే పసుపేసిన పప్పు త్వరగా ఉడకాలని సోడా వేస్తుంటే మా ఇంట్లో నేను గొడవ పెడతాను.

ఇంకో ముక్క మీద రూపాయి బిళ్ల పెట్టి మంచి ఎండలో ఉంచండి. సాయంత్రానికి బిళ్ల తీస్తే దాని కింద గుండ్రంగా పచ్చన, చుట్టూ వెలవెల. పసుపును కిటికీ దగ్గర గాజుసీసాలో కాకుండా మూతున్న స్టీలు డబ్బాలో పొయ్యమనేది ఇందుకే.

ఒంట్లోకి వెళ్లాక దీని కథ వేరు. పేగు దీన్ని సరిగ్గా పీల్చదు, పీల్చిన కాస్తనూ కాలేయం మార్చేసి బయటికి పంపేస్తుంది. నూనెలో తాలింపు పెట్టినా, వెన్న తియ్యని పాలల్లో కలిపినా కొంత నయం. మిరియం ఆ కాలేయం పనిని నెమ్మదింపజేస్తుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు మనుషులకు 2 గ్రాముల కర్కుమిన్, 20 మిల్లీగ్రాముల పైపెరిన్ (మిరియానికి ఘాటునిచ్చే పదార్థం) కలిపి ఇస్తే రక్తంలో చేరింది 20 రెట్లు పెరిగింది. ఈ 20 రెట్ల మాట అందరూ చెబుతారు, 2 గ్రాముల సంగతే చెప్పరు. పసుపులో కర్కుమిన్ నూటికి మూడు పాళ్లనుకుంటే, 2 గ్రాములకి 65 గ్రాములకు పైగా పసుపు కావాలి. మా ఇంట్లో కూరకి పడేది అర చెంచా!

గాజుపాత్రల్లో పెంచిన కణాల మీద ఇది వాపును తగ్గిస్తుంది, సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటుంది, ఇంకా చాలా చేస్తుంది. మోకాళ్ల అరుగుదల నొప్పి కొంత తగ్గినట్టు కొన్ని చిన్న పరీక్షల్లో కనబడింది. కానీ 2017లో రసాయన శాస్త్రజ్ఞులు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ తిరగేసి, గట్టిగా నిలబడిన ఫలితం ఒక్కటీ లేదన్నారు. నాకు ఆ మాటే సబబనిపిస్తుంది. దీనికున్న ఇంకో చిక్కు ఏమిటంటే, రంగుతో, మెరుపుతో పరీక్ష పరికరాలనే బోల్తా కొట్టించగలదు. గాయానికి పసుపు రాయడం మీద అమెరికాలో 1995లో పేటెంట్ ఇచ్చేశారు. మనవాళ్లు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్లు, పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించారు.

కూరలో పసుపుకి భయం లేదు. కాప్సూళ్ల దగ్గరే జాగ్రత్త. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరుని అడక్కుండా మింగకూడదు. కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా ఉన్నాయి. మిరియం సారం కలిపినవైతే మిగతా మందుల లెక్కా మారిపోవచ్చు. మా బావమరిది గుండెకని రక్తం పలచబడే మందే వాడుతూ, ఎవరో చెప్పారని ఒక సీసా తెచ్చుకున్నాడు. డాక్టరుకి చూపించమన్నాను, ఆయన వద్దన్నారు. ఆ సీసా ఇప్పుడు నా బల్ల మీదుంది. ఒక కాప్సూల్ విప్పి స్పిరిట్లో వేశాను, రంగైతే బ్రహ్మాండంగా దిగింది.